దూరాన్ని కూడా లెక్కలో వెయ్యండి

2011 జనగణన పుస్తకం తెరిచి మూడు జిల్లాలను పక్కపక్కన పెట్టి చూడండి. అనంతపురం జిల్లా జనాభా 40.8 లక్షలు. పశ్చిమ గోదావరి 39.4 లక్షలు. హైదరాబాద్ కూడా 39.4 లక్షలే. మూడూ నలభై లక్షలకు అటూ ఇటూ. ఇప్పుడు పక్క గడిలోకి చూపు జరపండి. అనంతపురం విస్తీర్ణం 19,130 చదరపు కిలోమీటర్లు, పశ్చిమ గోదావరి 7,742, హైదరాబాద్ 217. ఒక్క అనంతపురం జిల్లాలో హైదరాబాద్ లాంటి జిల్లాలు ఎనభై ఎనిమిది పడతాయి.

ఆ హద్దుల్లో శాసనసభ స్థానాలు అనంతపురానికి 14, పశ్చిమ గోదావరికి 15, హైదరాబాద్‌కు 15. మనిషికి ఒక ఓటు, ప్రతి ఓటుకూ ఒకే విలువ అన్నప్పుడు అలాగే ఉండాలి. దానితో నాకు పేచీ లేదు. ఓటు కోసం పెట్టుకున్న ఆ ఒక్క కొలతనే ఆస్పత్రికీ, ఆఫీసుకీ, నిధులకీ కూడా వాడేస్తున్నాం. అంతమంది మనుషులు 217 చదరపు కిలోమీటర్లలో ఉన్నా 19,130లో ఉన్నా వాళ్ల దగ్గరికి వెళ్లడానికి ఒకటే శ్రమ, ఒకటే ఖర్చు అన్నట్టు రాస్తున్నాం. ఆ రాత మారాలి.

నేను ఉమ్మడి అనంతపురం జిల్లాలో మండల గణాంక అధికారిగా పనిచేసి రిటైరయ్యాను. ఊళ్లలో మమ్మల్ని ‘లెక్కల సారు’ అంటారు. వాన లెక్క, సాగు విస్తీర్ణం, పంట కోత ప్రయోగాలు, పదేళ్లకోసారి జనాభా లెక్కలు, ఇదీ మా పని. పంట కోత ప్రయోగమంటే, లాటరీలో వచ్చిన సర్వే నంబరుకు వెళ్లి, చేనులో అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు తాడు పట్టి, అందులో కాసిన వేరుశనగను పీకించి తూకం వెయ్యడం. ఆ సర్వే నంబరు మండల కేంద్రం పక్కనే తగలొచ్చు, పొలిమేర అవతల కర్ణాటక కనిపించే చేనులోనూ తగలొచ్చు. ఉద్యోగమంతా ఈ రెండో రకం ప్రయాణాల్లోనే గడిచింది. అందుకే జనాభా పట్టిక చూసినప్పుడల్లా ముందు నా కన్ను విస్తీర్ణం గడి మీదికే పోతుంది.

మండలాలు 1985లో వచ్చాయి. తాలూకాలు మరీ పెద్దవి, ఆఫీసు జనం దగ్గరికి రావాలి అన్నది ఎన్టీ రామారావు ప్రభుత్వం చెప్పిన కారణం. చాలా మంచి కారణం. అనంతపురం జిల్లాకు 63 మండలాలు వచ్చాయి, పశ్చిమ గోదావరికి 46. మాకు ఎక్కువే ఇచ్చారు, కాదనను. అయినా భాగించి చూస్తే పశ్చిమ గోదావరిలో సగటు మండలం 168 చదరపు కిలోమీటర్లు, మా దగ్గర 304. ఆఫీసు దగ్గరికి వచ్చింది, కానీ డెల్టాలో వచ్చినంత దగ్గరికి రాలేదు.

304 చదరపు కిలోమీటర్లంటే ఏమిటో నాకు అర్థం చేసిపెట్టింది వర్షమాపకం. మండలానికి ఒకటి, మండల ఆఫీసు ఆవరణలో ఉండేది. పొద్దున ఎనిమిదిన్నరకు దానిలో ఉన్నదే ఆ రోజుకు మండలం మొత్తం వాన. సీమలో వాన పొలం గట్టు చూసుకుని పడుతుంది, ఈ చేను తడిసి ఆ చేను ఎండుతుంది. ఒక ఖరీఫ్‌లో, మండల కేంద్రానికి ఇరవై కిలోమీటర్లకు పైనున్న ఊరి నుంచి ఒక పెద్దాయన వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. “వాన మీ ఆపీసు కాడ పడింది సార్. మా చేన్లో దుమ్ము లేస్తాంది” అన్నాడు. వాతావరణం ఆధారంగా వేరుశనగకు బీమా లెక్కకట్టిన రోజులవి. కొలత గాజులో పడిన నీళ్లే ఆయనకు బీమా వస్తుందో రాదో తేలుస్తాయి. నా ఫారంలో మండలానికి ఒకే గడి ఉంది. తర్వాత ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు వచ్చి కొంత మేలు జరిగింది. కానీ ఆయన అడిగింది వాన సంగతి ఒక్కటే కాదు. ఇంత నేలకు ఒక్క గడి సరిపోతుందా అన్నది ఆయన ప్రశ్న. అది అన్ని శాఖలనూ అడగాల్సిన ప్రశ్న.

వైద్యం సంగతి చూద్దాం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి దేశమంతా అనుసరించే ప్రమాణం మైదానంలో 30,000 జనాభాకు ఒకటి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000కు ఒకటి. కొండ ప్రాంతానికి సడలింపు ఇచ్చారు కదా, దయగల లెక్కే కదా అనిపిస్తుంది. దాన్ని నేల మీద పరిచి చూడాలి. కోనసీమ జిల్లా 2022లో ఏర్పడినప్పుడు 2,083 చదరపు కిలోమీటర్లు, 17.2 లక్షల జనాభా. చదరపు కిలోమీటరుకు 825 మంది. అక్కడ 30,000 మంది దాదాపు 36 చదరపు కిలోమీటర్లలో దొరుకుతారు. అదే ఏడాది ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లా అప్పట్లో 12,251 చదరపు కిలోమీటర్లు, 9.5 లక్షల మంది, అంటే చదరపు కిలోమీటరుకు 78 మంది. అక్కడ 20,000 మందిని కూడగట్టాలంటే 256 చదరపు కిలోమీటర్లు తిరగాలి. సడలింపు పోగా మిగిలిన తేడా ఇది, ఏడింతలు. అదీ చదునైన నేల మీద గీసిన లెక్క. తూర్పు కనుమల్లో గాలిలో పది కిలోమీటర్లున్న ఊరికి కాలిబాట ఎంత మెలికలు తిరుగుతుందో అక్కడి ఆశా కార్యకర్తలను అడగండి. గర్భిణిని డోలీలో మోసుకొస్తున్న ఫొటో జి.మాడుగుల నుంచో, చింతపల్లి నుంచో ఏటా మన పత్రికల్లో వస్తూనే ఉంది. ఆ ఫొటో కింద నిర్లక్ష్యం అని రాస్తాం. నిర్లక్ష్యం ఉండొచ్చు. దానికంటే ముందు అక్కడొక ప్రమాణం ఉంది. దాన్ని నిజాయితీగా, అక్షరాలా అమలు చేసినా ఆమె ఆస్పత్రికి దూరంగానే ఉంటుంది.

సీమకు ఆ కొండ సడలింపు కూడా లేదు. శ్రీ సత్యసాయి జిల్లా 8,925 చదరపు కిలోమీటర్లు, 18.4 లక్షల మంది. జనంలో కోనసీమకు దాదాపు సాటి, నేలలో నాలుగింతలకు పైన. మైదానం కాబట్టి 30,000కు ఒకటే. అంటే ఒక్కో కేంద్రం 146 చదరపు కిలోమీటర్లకు దిక్కు. మడకశిర, అమరాపురం వైపు వెళితే మూడు పక్కలా కర్ణాటకే. 2022 దాకా ఆ మండలాలకు జిల్లా కేంద్రం వంద కిలోమీటర్లకు పైగా దూరంలోని అనంతపురం. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ ఇవ్వాలంటే ముసలమ్మ తెల్లవారుజామున బస్సెక్కాలి. తోడు వచ్చే కొడుకు కూలి పోతుంది, ఇద్దరి చార్జీలు పోతాయి. ఏ బడ్జెట్ పుస్తకంలోనూ కనిపించని పన్ను అది. దూరంగా పుట్టినవాళ్లే కడతారు.

దూరాన్ని లెక్కలో వెయ్యడం మన ప్రభుత్వాలకు తెలియని పనేమీ కాదు. ఓటరు పోలింగ్ కేంద్రానికి రెండు కిలోమీటర్లు మించి నడవకూడదని ఎన్నికల సంఘం నియమం పెట్టుకుంది. దాని కోసం సిబ్బంది కొండలెక్కుతారు, పడవలెక్కుతారు, అడవిలో ఒక్క ఓటరు కోసం పెట్టె పట్టుకుని పోతారు. ఆ పట్టుదలంటే నాకు గౌరవం. విద్యాహక్కు చట్టం కింద చేసిన నిబంధనలు ఒకటి నుంచి అయిదో తరగతి దాకా బడి కిలోమీటరు లోపు, ఎనిమిది దాకా మూడు కిలోమీటర్ల లోపు ఉండాలన్నాయి. వాటి అమలులో లోటుపాట్లు వేరే కథ. నియమం రాసేటప్పుడు మాత్రం పిల్లవాడి కాళ్లను తలుచుకుని రాశారు. ఓటు వెయ్యడానికి కిలోమీటర్లు లెక్కకు వచ్చినప్పుడు, కాన్పుకు వెళ్లడానికి ఎందుకు రావు?

నిధుల పంపకంలోనూ నేలకు చోటు ఉంది. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా తేల్చేటప్పుడు విస్తీర్ణాన్ని ఒక ప్రాతిపదికగా మొదట తీసుకున్నది పదో ఆర్థిక సంఘం. అప్పుడు దాని బరువు 5 శాతం. పద్నాలుగో, పదిహేనో సంఘాలకు వచ్చేసరికి అది 15 శాతం అయింది. పెద్ద నేల ఉన్న రాష్ట్రం అదే సేవను అదే స్థాయిలో అందించాలంటే ఎక్కువ ఖర్చు పెట్టాలి, అదీ కారణం. ఢిల్లీ నుంచి రాష్ట్రానికి వచ్చేటప్పుడు ఒప్పుకున్న ఈ న్యాయం రాష్ట్రం నుంచి పల్లెకు దిగేసరికి కరిగిపోతుంది. స్థానిక సంస్థల గ్రాంట్లను రాష్ట్రాల మధ్య పంచడానికి పదిహేనో ఆర్థిక సంఘం పెట్టిన లెక్కలోనే జనాభాకు 90, విస్తీర్ణానికి 10. ఏజెన్సీలో ఒక పంచాయతీ అంటే ఒక ఊరు కాదు. కొండకొకటిగా చెదిరిన గూడేలు. డెల్టాలో ఒకే వీధిలో వేసే పైపులైను అక్కడ రెండు కొండలు దాటాలి. తలసరి లెక్కన వచ్చిన డబ్బు మొదటి గూడెం దగ్గరే అయిపోతుంది.

పార్లమెంటు సభ్యుల నిధులైతే ఇంకా సూటిగా కనిపిస్తాయి. సభ్యుడికి ఏడాదికి 5 కోట్లు, ఎక్కడైనా అంతే. ఢిల్లీ నగరంలో ఇరుకైన చాందినీచౌక్‌కూ అంతే, జన్‌స్కార్ నుంచి నుబ్రా దాకా పరుచుకున్న లద్దాఖ్‌కూ అంతే.

ఇక నియోజకవర్గాల పునర్విభజన. అసలు ఈ వ్యాసం ఇప్పుడు రాయడానికి కారణం అదే. లోక్‌సభ సీట్లు రాష్ట్రాల మధ్య ఇప్పటికీ 1971 జనాభా లెక్కన ఉన్నాయి. 1976లో 42వ సవరణతో ఆపారు, తర్వాత 84వ సవరణతో 2026 తర్వాత జరిగే తొలి జనగణన దాకా పొడిగించారు. 2027 మార్చి 1 ప్రాతిపదికగా జనగణన అని కేంద్రం నోటిఫై చేసింది. దక్షిణాది రాష్ట్రాల భయం నాకూ ఉంది. కుటుంబ నియంత్రణ పాటించినందుకు గొంతు తగ్గడం న్యాయం కాదు. ఆ వాదన పెద్ద వేదికల మీద గట్టిగానే నడుస్తోంది. దాని చప్పుడులో రాష్ట్రం లోపల గీసే గీతల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. నా ఆందోళన అది.

2022లో ఏర్పడినప్పటి హద్దుల ప్రకారమే మళ్లీ కోనసీమ, అల్లూరి జిల్లాలు చూడండి. రెంటిలోనూ 22 మండలాలే. కోనసీమకు ఏడుగురు ఎమ్మెల్యేలు, అల్లూరి జిల్లాకు ముగ్గురు. కోనసీమలో సగటున ఒక ఎమ్మెల్యేకు 300 చదరపు కిలోమీటర్లు. అల్లూరి జిల్లాలో 4,000కు పైన. జనం తక్కువ కదా అంటారు. అదీ నిజం కాదు. కోనసీమలో ఎమ్మెల్యేకు రెండున్నర లక్షల మంది, ఇక్కడ మూడు లక్షలకు పైనే. 2008లో గీతలు గీసినప్పుడు 2001 లెక్కలు తీసుకున్నారు. ఆ తర్వాత 2014లో పోలవరం కోసమని ఖమ్మం జిల్లా నుంచి చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, ఎటపాక ప్రాంతాలు వచ్చి ఆ మూడు స్థానాల్లో ఒకటైన రంపచోడవరంలో కలిశాయి. పదకొండు మండలాల నియోజకవర్గం అయింది. తలల లెక్కలోనూ, నేల లెక్కలోనూ రెండింటా నష్టపోయినవాళ్లు వీళ్లు. పైగా అందులో చాలామంది ప్రాజెక్టు కింద ఊళ్లు పోగొట్టుకుంటున్నవాళ్లు. పరిహారం కోసం, పునరావాస కాలనీలో ఇంటి కోసం, అందరికంటే ఎక్కువగా తమ ప్రతినిధి తలుపు తట్టాల్సినవాళ్లు.

మన రాష్ట్రమే ఒకసారి ఈ సత్యాన్ని ఒప్పుకుంది. 2022 ఏప్రిల్‌లో లోక్‌సభ స్థానానికి ఒక జిల్లా అన్న లెక్కన జిల్లాలు చేశారు. స్థానాలు 25, జిల్లాలు 26. ఆ ఒక్కటి ఎక్కడ పెరిగింది? అరకు దగ్గర. పాలకొండ నుంచి రంపచోడవరం దాకా నాలుగు పాత జిల్లాల మీద పరుచుకున్న స్థానాన్ని ఒకే కలెక్టరుకు అప్పగించలేమని రెండు చేశారు. కలెక్టరుకు మోయలేనంత నేల ఎంపీకి మాత్రం మోయగలిగినంత ఎలా అవుతుంది?

నేలకు ఓటు ఇవ్వమని నేను అడగడం లేదు. రాజస్థాన్‌లోని జైసల్మేర్ జిల్లా 38,401 చదరపు కిలోమీటర్లు, ఇంచుమించు కేరళ రాష్ట్రమంత. కేరళలో 3.34 కోట్ల మంది, జైసల్మేర్‌లో 6.7 లక్షలు. జైసల్మేర్‌కు కేరళతో సమానంగా సీట్లివ్వమనేవాళ్లు ఎవరూ ఉండరు, ఉండకూడదు. కేరళ శాసనసభలో 140 స్థానాలు, జైసల్మేర్ జిల్లాకు రాజస్థాన్ శాసనసభలో రెండు. అడిగేది ఆ రెండు మూడు కావచ్చేమో చూడమని మాత్రమే. సగటు జనాభాకు కొంచెం తక్కువైనా చెదిరిన ప్రాంతానికి ఒక స్థానం ఇవ్వడం, కిక్కిరిసిన నగరంలో సగటుకు కొంచెం ఎక్కువైనా సర్దుకోమనడం. నగరంలో ఎమ్మెల్యే ఆఫీసు ఆటో దూరంలో ఉంటుంది.

ఇతర దేశాల్లో దీన్ని చట్టంలో రాసుకున్నారు. నార్వే 2005 ఎన్నికల నుంచి ప్రాంతాలకు సీట్లు పంచడానికి మనిషికి ఒక పాయింటు, చదరపు కిలోమీటరుకు 1.8 పాయింట్లు లెక్కకట్టింది. బ్రిటన్‌లో నియోజకవర్గం 13,000 చదరపు కిలోమీటర్లు దాటకూడదు. 12,000 దాటితే ఓటర్ల కనీస సంఖ్య నుంచి మినహాయింపు ఇవ్వొచ్చు. అంత దూరం ఎందుకు, మన దేశంలోనే 2022లో జమ్మూకశ్మీర్ పునర్విభజన సంఘం 20 జిల్లాలను మూడు తరగతులు చేసి, భూమి తీరును బట్టి సగటు జనాభాకు పది శాతం అటూ ఇటూ ఉండొచ్చంది. 2023లో అస్సాంలో ఎన్నికల సంఘం జన సాంద్రతను బట్టి అలాగే చేసింది. 2002 పునర్విభజన చట్టంలోనే భౌతిక స్వరూపం, రాకపోకల సౌకర్యం, ప్రజల వీలు చూడాలని ఉంది. మాటలు ఉన్నాయి, వాటికి అంకె లేదు.

అంకె లేకపోతే ఏమవుతుందో కూడా జమ్మూకశ్మీరే చూపించింది. అక్కడ పెరిగిన ఏడు స్థానాల్లో జమ్మూకు ఆరు, కశ్మీర్‌కు ఒకటి వచ్చాయి. 2011 లెక్కల ప్రకారం కశ్మీర్ లోయలో దాదాపు 69 లక్షల మంది, జమ్మూలో దాదాపు 54 లక్షలు. నేల పేరు చెప్పి రాజకీయం చేశారని లోయలో పార్టీలు ఆరోపించాయి. ఈ అభ్యంతరం చిన్నది కాదు. భూమి తీరు, కష్టం, దూరం అన్న మాటలను కొలత లేకుండా వదిలేస్తే ఎవరి చేతిలో పెన్సిలుంటే వాళ్లకు అనుకూలంగా గీత వంగుతుంది. అందుకే కొలత ముందే రాయాలి, గీత తర్వాత గీయాలి. ఎన్ని చదరపు కిలోమీటర్లు దాటితే ఎంత శాతం సడలింపో ముసాయిదా రాకముందే గెజిట్‌లో ఉండాలి. అప్పుడు లాభపడేది ఏ పార్టీ అయినా జనం ప్రశ్నించడానికి ఒక అంకె ఉంటుంది.

ఆ అంకెకు కావలసిన సమాచారం కొంత జనగణన శాఖ దగ్గర ఎప్పటి నుంచో ఉంది. జనగణన జిల్లా పుస్తకంలో గ్రామ డైరెక్టరీ అని ఒక భాగం ఉంటుంది. ప్రతి ఊరికీ ఒక వరస. బడి, ఆస్పత్రి, బ్యాంకు, బస్సు, తపాలా ఉన్నాయా అని. ఊళ్లో లేకపోతే ఎంత దూరంలో ఉందో ఒక అక్షరం వేస్తాం. అయిదు కిలోమీటర్ల లోపు అయితే ఏ, అయిదు నుంచి పది అయితే బి, పది దాటితే సి. ఊరూరా తిరిగి ఆ అక్షరాలు రాబట్టే పనిలో నేనూ ఉన్నాను. వరసలో సి, సి, సి అని పడుతూ పోయే ఊళ్లున్నాయి. పదకొండు కిలోమీటర్లున్నా సి, అరవై కిలోమీటర్లున్నా సి. ఆ ఒక్క అక్షరంలో ఎంత తేడా కలిసిపోతుందో రాసిన చేతికి తెలుసు. ఆ పుస్తకాలను పరిశోధకులు చూస్తారు. నిధుల ఫార్ములాలోకి, నియోజకవర్గాల గీతల్లోకి మాత్రం ఆ అక్షరాలు రాలేదు.

కాబట్టి 2027 జనగణనకు సిద్ధమవుతున్నవాళ్లను, దాని తర్వాత గీతలు గీయబోయేవాళ్లను నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. గ్రామ డైరెక్టరీలో అక్షరం బదులు అసలు కిలోమీటర్లు రాయించండి. ఊరు పేరు దగ్గర ఆగకుండా దాని కింది గూడేలు, తండాలు, మజరాలకు కూడా వరస ఇవ్వండి. బస్సు లేని చోట నడక ఎన్ని గంటలో ఇంకో గడి పెట్టండి, సిబ్బంది ఎలాగూ అక్కడికి వెళ్లాల్సిందే. ఆరోగ్య కేంద్రం మంజూరు చేసేటప్పుడు 20,000 జనాభా లేదా ఇన్ని నిమిషాల ప్రయాణం, ఈ రెంటిలో ఏది ముందు దాటితే దానికే ఇవ్వండి. రాష్ట్ర ఆర్థిక సంఘం పంచాయతీల నిధుల్లో విస్తీర్ణానికీ, చెదిరిన ఆవాసాల సంఖ్యకూ స్పష్టమైన వాటా పెట్టాలి. పునర్విభజనలో సగటుకు పది శాతం తక్కువైనా సరే అన్న వెసులుబాటును మొట్టమొదట రంపచోడవరం, పాడేరు, అరకులోయకు, ఆ తర్వాత మడకశిర లాంటి అంచు ప్రాంతాలకు వాడండి. నగరాలకు సీట్లు పంచడం ఆ తర్వాత మొదలుపెట్టండి.